కందకాల్లో ఒక పటాలం: రాయల్ వెల్ష్ ఫ్యూజిలియర్స్ రెండవ బెటాలియన్ దైనందిన జీవితం, ప్రాణనష్టం – ఆధారాల పరిశీలన

ఉపోద్ఘాతం

మొదటి ప్రపంచ యుద్ధ చరిత్రను మహాసంగ్రామాల పేర్లతో చెప్పుకోవడం పరిపాటి. లూస్, సోమ్, ఆరాస్, పాషెన్‌డేల్ అనే పేర్లు ఆ చరిత్రకు అధ్యాయ శీర్షికలుగా స్థిరపడిపోయాయి. అయితే పశ్చిమ రంగంలో పనిచేసిన పదాతి సైనికుని జీవితంలో పెద్ద దాడి జరిగిన దినాలు చాలా తక్కువ. మిగిలిన కాలమంతా మట్టి తవ్వడంలో, బరువులు మోయడంలో, కాపలా కాయడంలో, తడిసిన బట్టలు ఆరబెట్టుకోవడంలో, నిద్ర కోసం ఎదురుచూడడంలో గడిచింది. ఆ మామూలు దినాల్లోనూ మనుషులు చనిపోతూనే ఉన్నారు. సంగ్రామాల చరిత్రలో ఆ మరణాలకు చోటు తక్కువ. ఒక్క పటాలాన్ని ప్రమాణంగా తీసుకొని ఆ మామూలు దినాలను, వాటిలో సంభవించిన నష్టాలను, వాటిని నమోదు చేసిన రచనల స్వభావాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు రాయల్ వెల్ష్ ఫ్యూజిలియర్స్ రెజిమెంటుకు చెందిన రెండవ బెటాలియన్‌ను స్వీకరించడానికి ప్రత్యేక కారణం ఉంది. ఈ ఒక్క బెటాలియన్‌లో పనిచేసిన ఒక కవి, ఒక సాధారణ సిపాయి, ఒక వైద్యుడు వేరువేరుగా గ్రంథాలు వెలువరించారు. ఒకే కందకాన్ని మూడు ఎత్తుల నుంచి చూసిన ఇటువంటి అవకాశం యుద్ధ సాహిత్యంలో అరుదు. అయితే ఈ మూడు సాక్ష్యాలు పరస్పర స్వతంత్రమైనవా అన్నది తేలవలసిన ప్రశ్న. ఆ ప్రశ్నకు వచ్చే సమాధానం మీదనే వాటిని చరిత్రకు ఆకరాలుగా ఎంతవరకు వాడుకోవచ్చు అన్నది ఆధారపడి ఉంటుంది.

1. పటాలం స్వరూపం

బ్రిటిష్ సైన్యంలో రెజిమెంటు అనేది వంశం వంటిది. యుద్ధానికి దిగేది బెటాలియన్. 1914 నాటి నిబంధనల ప్రకారం ఒక పదాతి బెటాలియన్‌లో సుమారు 1,000 మంది ఉండాలి. లెఫ్టినెంట్ కర్నల్ దానికి అధిపతి. నాలుగు కంపెనీలు, ఒక్కొక్క కంపెనీలో నాలుగు ప్లటూన్లు, ఒక్కొక్క ప్లటూన్‌లో నాలుగు సెక్షన్లు ఉంటాయి. వీటితోపాటు కార్యాలయ వ్యవహారాలు చూసే అడ్జుటెంట్, సరఫరాలు చూసే క్వార్టర్ మాస్టర్, ఒక వైద్యాధికారి, స్ట్రెచర్లు మోసేవారు, సంకేతాలు పంపేవారు, గుర్రపు బండ్లు నడిపేవారు ఉంటారు. కాగితం మీది ఈ సంఖ్య కందకంలో పూర్తిగా కనిపించడం అరుదు.

రెండవ బెటాలియన్ యుద్ధానికి పూర్వం నుంచీ ఉన్న స్థిర సైన్యంలో భాగం. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో అది భారతదేశంలోనూ, బర్మాలోనూ దీర్ఘకాలం ఉంది. 1914 ఆగస్టులో ఫ్రాన్సు చేరి, కొద్దిదినాల్లోనే 19వ బ్రిగేడ్‌లో భాగమైంది. ఆ బ్రిగేడ్ పలు డివిజన్ల కింద పనిచేసి 1915 నవంబరులో 33వ డివిజన్‌లో చేరింది. 1918 ఫిబ్రవరిలో బెటాలియన్ 38వ వెల్ష్ డివిజన్‌కు బదిలీ అయింది. తొలి శీతకాలం హూప్లీన్ వద్ద, 1915–16 శీతకాలం లా బాసే కాలువ పరిసరాల్లోని కాంబ్రాన్, క్వాంషీ, జివాంషీ గ్రామాల దగ్గర, 1916 వేసవి సోమ్ రంగంలో, 1917 వసంతం ఆరాస్ రంగంలో, ఆ సంవత్సరం సెప్టెంబరు ఈప్ర సమీపంలోని పాలిగన్ వుడ్ వద్ద – ఇదీ స్థూలంగా దాని ప్రయాణం.

2. ఆధారాల స్వభావం

అందుబాటులో ఉన్న ఆధారాలు రెండు రకాలు. మొదటిది అధికారిక యుద్ధ దినచర్య. ప్రతి బెటాలియన్ నిర్ణీత నమూనా పత్రంలో రోజువారీ సంగతులు రాసి పంపవలసి ఉండేది. స్థలం, తేదీ, సంఘటనల సంగ్రహం అనే గడులలో ఇమిడే రచన ఇది. అధికారి చనిపోతే పేరు రాయడం, సాధారణ సైనికులు చనిపోతే అంకె మాత్రమే వేయడం ఈ దినచర్యలలో సాధారణ పద్ధతి. ‘ఇతర శ్రేణులు’ అనే శీర్షిక కింద ఆ అంకె నిలుస్తుంది. శాసనంలో దాత పేరు చెక్కి, రాయి మోసినవారిని వదిలివేసే సంప్రదాయం మనకు తెలియనిది కాదు.

రెండవ రకం ఆధారాలు జ్ఞాపక రచనలు. రాబర్ట్ గ్రేవ్స్ ‘గుడ్‌బై టు ఆల్ దట్’ 1929లో వెలువడింది. పాఠశాల విద్య ముగిసీ ముగియగానే సైన్యంలో చేరిన యువ అధికారి చూపు అది. సీగ్‌ఫ్రిడ్ ససూన్ ‘మెమొయిర్స్ ఆఫ్ యాన్ ఇన్‌ఫెంట్రీ ఆఫీసర్’ 1930లో వచ్చింది. ఆయన తొలుత మొదటి బెటాలియన్‌లో, 1917 వసంతంలో రెండవ బెటాలియన్‌లో పనిచేశారు. ఆ గ్రంథం కల్పిత నామాలతో సాగుతుంది కనుక దానిని నవలా చరిత్ర అనవచ్చు. ఫ్రాంక్ రిచర్డ్స్ ‘ఓల్డ్ సోల్జర్స్ నెవర్ డై’ 1933లో ప్రచురితమైంది. రిచర్డ్స్ బొగ్గుగని కార్మికుడు. పూర్వం భారత, బర్మాలలో పనిచేసి రిజర్వులో ఉండి, 1914లో తిరిగి పిలుపు అందుకున్నాడు. యుద్ధం ముగిసేవరకు ఇదే బెటాలియన్‌లో సిపాయిగానే ఉండిపోయాడు. వైద్యాధికారి డాక్టర్ జె.సి. డన్ కూర్చిన ‘ద వార్ ది ఇన్‌ఫెంట్రీ న్యూ’ 1938లో రచయిత పేరు లేకుండా వెలువడింది. డన్ 1915 చివరి నుంచి 1918 వరకు బెటాలియన్‌తో ఉన్నారు. తన దినచర్యకు సహచరుల డైరీలను, ఉత్తరాలను, వ్రాతపూర్వక స్మృతులను జోడించి కాలక్రమంలో అల్లిన గ్రంథమది.

పైకి వేరువేరు గొంతులుగా కనిపించే ఈ రచనల మధ్య గాఢమైన సంబంధాలున్నాయి. రిచర్డ్స్ వ్రాతప్రతిని సరిదిద్ది ప్రచురణకు సిద్ధం చేయడంలో గ్రేవ్స్ పాత్ర ఉంది. డన్ సంకలనానికి ససూన్, రిచర్డ్స్ తమ రచనలను అందించారు. గ్రేవ్స్ గ్రంథం వెలువడగానే అందులోని సంగతులపై ససూన్ తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. ఆయనా, మరొక యుద్ధకవి ఎడ్మండ్ బ్లండెన్ కలిసి ఒక ప్రతి అంచుల నిండా ఆక్షేపణలు రాశారు. 1957లో గ్రేవ్స్ తన గ్రంథాన్ని చాలావరకు మార్చి మళ్ళీ ప్రకటించారు. అందువల్ల గ్రేవ్స్, రిచర్డ్స్ ఒకే మాట చెప్పినంత మాత్రాన దానిని ఇద్దరు సాక్షుల మాటగా లెక్కించడం శాస్త్రీయం కాదు. వారు విభేదించిన చోట్లే పరిశోధకునికి ఎక్కువ ఉపయోగకరం. ఈ వ్యాసంలో వ్యక్తిగత సాహసాలకన్నా, భిన్నస్థాయి రచయితలందరూ అప్రయత్నంగా పేర్కొన్న నిత్యకృత్యాలకే ప్రాధాన్యం ఇవ్వడమైంది. చెప్పదలచుకున్న కథకు సంబంధించని వివరాలను వక్రీకరించవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

3. కందకంలో ఒక దినం

కందకం ఒక్క గీతగా ఉండదు. శత్రువుకు ఎదురుగా మొదటి వరుస, దాని వెనుక ఆసరా వరుస, ఇంకా వెనుక రిజర్వు వరుస, వీటిని కలుపుతూ వంకర టింకరగా సాగే దారి కందకాలు ఉంటాయి. మొదటి వరుసను కూడా తిన్నగా తవ్వరు. కొన్ని గజాలకు ఒకసారి మట్టి దిమ్మ అడ్డు వచ్చేలా మలుపులు తిప్పుతారు. ఒకచోట గుండు పేలినా, శత్రువు చొరబడి కాల్పులు జరిపినా, నష్టం ఆ గది వరకే పరిమితం కావాలన్నది దీని ఉద్దేశం. ఫ్లాండర్స్ ప్రాంతంలో నేల కొద్దిగా తవ్వగానే నీరు ఊరుతుంది. అక్కడ కందకం తవ్వడం కన్నా ఇసుక బస్తాలతో గోడ కట్టడమే ఎక్కువ. సోమ్ ప్రాంతపు సున్నపు నేల ఇందుకు భిన్నం.

సైనికుని దినం వేకువకు ముందే మొదలవుతుంది. తెల్లవారుజామున, మళ్ళీ మునిమాపు వేళ, అందరూ తుపాకులకు బానెట్లు తగిలించి మెట్టు మీద నిలబడాలి. దాడులు ఎక్కువగా వెలుగు, చీకటి కలిసే వేళల్లో జరుగుతాయన్న అనుభవం దీనికి మూలం. తెల్లవారాక తుపాకుల తనిఖీ, రమ్ము పంపిణీ, ఆ తరువాత ఉదయాహారం. పలుచోట్ల ఇరుపక్షాలూ ఆ వేళ కాల్పులు తగ్గించుకొనేవి. ఎవరూ ఒప్పందం రాసుకోకపోయినా, ఎదుటివాడి టిఫిను చెడగొడితే తన టిఫిను చెడుతుందన్న ఎరుక చాలేది.

పగలు గోడ పైకి తల ఎత్తడం ప్రాణాంతకం. కొద్దిమంది పెరిస్కోపులతో కాపలా కాస్తుంటే, మిగిలినవారు గోడలో తొలిచిన గూళ్ళలో ముడుచుకొని నిద్రపోయేవారు. అసలు పని రాత్రి మొదలయ్యేది. తెగిన ముళ్ళతీగను సరిచేయడం, కూలిన గోడను కట్టడం, నీళ్ళు తోడడం, ఇరుపక్షాల మధ్య నిర్జన భూమిలో గస్తీ తిరగడం, వెనుక నుంచి ఆహారం, తూటాలు, ఇనుపతీగల చుట్టలు, చెక్క పలకలు మోసుకురావడం – ఇవన్నీ చీకట్లోనే. కాపలాదారు వంతు సాధారణంగా రెండు గంటలు. ఆ రెండు గంటల్లో కునుకు తీస్తే సైనిక న్యాయస్థానం మరణశిక్ష విధించవచ్చు. రిచర్డ్స్ వంటి పాత సిపాయిల రచనలో శత్రువు కన్నా నిద్రలేమి గురించిన ప్రస్తావనలే తరచుగా ఎదురవడం గమనార్హం.

ఆహారం డబ్బాల్లోని గొడ్డుమాంసం, గట్టి బిస్కట్లు, జాము, టీ. రొట్టెలు ఇసుక బస్తాల్లో టీ పొడి, పంచదారతోపాటు కలిసి వచ్చేవి. తాగే నీరు పెట్రోలు డబ్బాల్లో వచ్చేది కనుక టీకి ఆ వాసన ఉండేది. చలికాలంలో నీళ్ళలో రోజుల తరబడి నిలబడడం వల్ల పాదాలు ఉబ్బి, తిమ్మిరెక్కి, కుళ్ళే వ్యాధి ప్రబలింది. తొలి శీతకాలంలో దీనివల్ల పెద్ద సంఖ్యలో సైనికులు అక్కరకు రాకుండా పోవడంతో, తిమింగలపు నూనెతో పాదాలు మర్దించుకోవడం, మేజోళ్ళు మార్చుకోవడం అధికారుల సమక్షంలో జరగవలసిన పనిగా మారింది. ఇద్దరేసి జతగా ఒకరి పాదాలు ఒకరు మర్దించుకొనేవారు. పేలు అందరినీ సమానంగా పట్టాయి. కొవ్వొత్తి మంటతో బట్టల కుట్లను కాల్చుకుంటూ కబుర్లు చెప్పుకోవడం విశ్రాంతి సమయపు వ్యాపకం. శవాలను తిని బలిసిన ఎలుకల ప్రసక్తి లేని జ్ఞాపక రచన దాదాపు లేదు.

మొదటి వరుసలో కొద్ది దినాలు, ఆసరా వరుసలో కొద్ది దినాలు, ఆ తరువాత గ్రామాల్లో విడిది – ఈ చక్రం తిరుగుతూ ఉండేది. విడిదిలో స్నానం, జీతం, ఫుట్‌బాల్, గుడ్లు, బంగాళాదుంప వేపుడు అమ్మే ఫ్రెంచి గృహిణుల పూటకూళ్ళు ఉండేవి. అయితే విడిదిని విశ్రాంతి అనలేము. రాత్రిళ్ళు కందకాలకు సరుకులు మోసే పని అక్కడి నుంచే జరిగేది. పాత సైన్యపు మర్యాదలు కూడా విడిదిలోనే ఎక్కువ. లావంటీ గ్రామపు భోజనశాలలో కొత్త అధికారులను పెద్ద అధికారులు పలకరించకపోవడం, యుద్ధం మధ్యలో గుర్రపు స్వారీ పాఠాలు చెప్పించడం గ్రేవ్స్‌కు చేదు జ్ఞాపకాలయ్యాయి. అదే క్రమశిక్షణ వల్లనే బెటాలియన్ కడవరకూ చెదరకుండా నిలిచిందని ఆయనే మరోచోట అంగీకరిస్తారు. ఈ వైరుధ్యం ఆయన గ్రంథపు బలాల్లో ఒకటి.

1914 క్రిస్మస్ నాటి సంఘటన ఈ దైనందిన జీవితానికి మరొక పార్శ్వం. హూప్లీన్ వద్ద ఎదురుగా ఉన్న జర్మన్లు ఫ్రెలాంగియాన్ గ్రామపు సారాయి బట్టీ నుంచి రెండు పీపాల బీరు పంపగా, వెల్ష్ సైనికులు ప్లమ్ పుడింగులు ఇచ్చారు. మరునాడు ఉదయం కంపెనీ కమాండర్ కెప్టెన్ స్టాక్‌వెల్ మూడుసార్లు గాలిలోకి కాల్చి శుభాకాంక్షల జెండా ఎగురవేయగా, ఎదుటి అధికారి కృతజ్ఞత తెలిపే వస్త్రం ఎత్తాడు. ఇద్దరూ వందనం చేసుకొని ఎవరి కందకంలోకి వారు దిగిపోయారు. యుద్ధం తిరిగి మొదలైంది. ఈ సంగతి అధికారి కథనంలోనూ, సిపాయి రిచర్డ్స్ కథనంలోనూ కనిపిస్తుంది.

4. కందకపు భాష – భారతీయ పదాలు

భాషా పరిశోధకులకు ఈ రచనల్లో ఆసక్తికరమైన అంశం సిపాయిల పదజాలం. భారత కంటోన్మెంట్లలో సంవత్సరాలు గడిపిన స్థిర సైనికులు అక్కడి పదాలను కందకాలకు మోసుకుపోయారు. వంటపాత్రను వారు ‘డిక్సీ’ అన్నారు. అది హిందుస్తానీ ‘దేగ్చీ’. తెలుగువారి వంటిళ్ళలోని ‘డేగిసా’ దీనికి జ్ఞాతి. అనుమతి కాగితం ‘చిట్’. మన ‘చీటి’ దానికి దగ్గరి చుట్టం. ఉచితంగా దక్కినది ‘బక్షీ’, మన ‘బక్షీసు’. రొట్టె ‘రూటీ’. ప్రమాదం లేని సుఖమైన చోటు ‘కుషీ’. మన ‘ఖుషీ’తో దీనిని ముడిపెట్టే వ్యుత్పత్తి ప్రసిద్ధం.

వీటన్నిటిలో అర్థపరిణామ దృష్ట్యా విశిష్టమైనది ‘బ్లైటీ’. దీని మూలం ‘విలాయతి’. తెలుగులో విలాయతి సరుకు అంటే సీమ నుంచి వచ్చిన పరాయి సరుకు. భారతీయుని నోట పరదేశాన్ని సూచించిన పదం, ఆంగ్ల సిపాయి నోట స్వదేశానికి పేరైంది. కందకాల్లో దాని అర్థం మరింత ముందుకు జరిగింది. ఇంటికి పంపేటంత తీవ్రమైనదై, ప్రాణం తీయనంత తేలికైన గాయానికి అదే పేరు స్థిరపడింది. గాయాన్ని అదృష్టంగా కోరుకొనే స్థితిని ఇంత క్లుప్తంగా చెప్పే పదం మరొకటి కనిపించదు. ఈ పదాలు వెళ్ళిన దారి నిర్మలమైనది కాదన్నదీ గుర్తుంచుకోవాలి. రిచర్డ్స్ 1936లో ప్రకటించిన ‘ఓల్డ్ సోల్జర్ సాహిబ్’ చదివితే, అవి యజమాని–సేవక సంబంధాల నుంచి, చిన్నచూపు నుంచి పుట్టిన పదాలని స్పష్టమవుతుంది.

5. నష్టం – మూడు రూపాలు

బెటాలియన్ నష్టాలను మూడు విధాలుగా విభజించవచ్చు. మొదటిది దినసరి నష్టం. దాగిన తుపాకీగాని తూటా, మోర్టారు గుండు, తడబడి పేలిన బాంబు – వీటివల్ల ‘ప్రశాంతం’ అని నమోదైన దినాల్లోనూ ఒకరిద్దరు పోయేవారు. ఉన్నతాధికారుల లెక్కల్లో దీనిపేరు ‘వేస్టేజ్’. తరుగు, దుబారా అని అర్థమిచ్చే ఈ వ్యాపార పరిభాషను మనుషులకు వాడడమే ఆ యుద్ధ స్వభావానికి సాక్ష్యం. ఉక్కు శిరస్త్రాణాలు అందరికీ అందేసరికి 1916 వచ్చింది.

రెండవది ఆకస్మిక విపత్తు. 1916 జూన్ 22 వేకువజామున జివాంషీ వద్ద జర్మన్లు భూగర్భంలో పెద్ద మందుపాతర పేల్చారు. దానిపైన ఉన్న రెండవ బెటాలియన్ ‘బి’ కంపెనీలో సుమారు మూడింట రెండు వంతుల మంది చనిపోవడమో, గాయపడడమో, మట్టిలో కలిసిపోవడమో జరిగింది. మిగిలినవారు ఆ గుంత అంచున నిలిచి దాడిని తిప్పికొట్టారు. రెజిమెంటు చిహ్నమైన ఎర్ర డ్రాగన్ పేరు ఆ గుంతకు స్థిరపడింది. అదే పేలుడుకు కింద సొరంగంలో చిక్కుకున్న తవ్వకపు దళం సైనికుడు విలియం హ్యాకెట్, బయటపడే అవకాశం ఉండి కూడా గాయపడిన సహచరుని విడిచి రాలేదు. ఇద్దరూ అక్కడే సమాధి అయ్యారు. హ్యాకెట్‌కు మరణానంతరం విక్టోరియా క్రాస్ లభించింది. భూమి పైన ఉన్నవారి ప్రాణాలు భూమి కింద తవ్వుతున్న గని కార్మికుల చేతుల్లో ఉన్నాయన్నది, తాను కూడా గని కార్మికుడైన రిచర్డ్స్‌కు కొత్త సంగతి కాదు.

మూడవది పెద్ద దాడులు. 1915 సెప్టెంబరు 25న లూస్ సంగ్రామం ప్రారంభమైనప్పుడు, ఈ బెటాలియన్ ఉన్న భాగంలో బ్రిటిష్ వారు వదిలిన విషవాయువు గాలి వాటం లేక తమ కందకాల్లోకే తిరిగివచ్చింది. ముందు దిగిన సోదర బెటాలియన్లు ముళ్ళతీగల వద్దనే కూలిపోయాయి. 1916 జూలై 20న సోమ్ రంగంలోని హై వుడ్ దాడిలో రెండవ బెటాలియన్ భారీగా నష్టపోయింది. ఆనాడే గ్రేవ్స్ గుండు ముక్కలు తగిలి మరణించినట్లు నమోదయ్యారు; ఆ వార్త కుటుంబానికి చేరింది; తరువాత పత్రికలో సవరణ వేయించుకోవలసి వచ్చింది. 1917 ఏప్రిల్‌లో ఆరాస్ వద్ద ససూన్ గాయపడ్డారు. ఆ కోలుకొనే కాలంలోనే యుద్ధ కొనసాగింపును నిరసిస్తూ ఆయన చేసిన ప్రకటన జూలైలో పార్లమెంటులో చదవబడింది.

ఈ దాడులకు ముందు పాటించిన ఒక పద్ధతి ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ప్రతి బెటాలియన్ కొందరు అధికారులను, సైనికులను వెనుక ఉంచి దాడికి వెళ్ళేది. బెటాలియన్ నాశనమైతే వారిని బీజంగా చేసుకొని మళ్ళీ నిర్మించాలని దీని ఉద్దేశం. విత్తనాల వడ్లు వేరుగా కట్టి మిగిలినవి దంపుకొన్నట్లుండే ఈ ఏర్పాటు, నష్టం ఎంత ఉండబోతుందో ముందే తెలుసునని చెప్పకనే చెబుతుంది. ఇలా పదేపదే నిండుతూ, ఖాళీ అవుతూ వచ్చిన బెటాలియన్‌లో 1914 ఆగస్టు నాటి మనుషులు కొద్దిమంది మాత్రమే మిగిలారు. వారిలో రిచర్డ్స్ ఒకడు. యుద్ధాంతానికి రెజిమెంటు మొత్తం మృతుల సంఖ్య రమారమి 10,000.

6. పేరు, అంకె

మరణవార్త ఇంటికి చేరే తీరులోనూ శ్రేణిభేదం ఉంది. అధికారి కుటుంబానికి తంతి వచ్చేది. సాధారణ సైనికుని కుటుంబానికి ఖాళీలు పూరించిన అచ్చు కాగితం తపాలాలో వచ్చేది. బతికి ఉన్నవాడు పంపే పోస్టు కార్డు కూడా అచ్చు వాక్యాలదే. తనకు వర్తించని వాక్యాలను కొట్టివేయాలి. అదనంగా ఒక్క మాట రాసినా కార్డు చింపివేస్తారు. ప్లటూన్ అధికారి తన సైనికుల ఉత్తరాలన్నీ చదివి అభ్యంతరకరమైనవి చెరిపేవాడు. మృతుని తల్లికి ఓదార్పు లేఖ రాయవలసిందీ అతడే. గాయం తగలగానే ప్రాణం పోయిందనీ, బాధపడలేదనీ ఆ లేఖల్లో తరచుగా కనిపించే మాట. వైద్యుడైన డన్ గ్రంథాన్ని పక్కన పెట్టుకొని చదివితే, ఆ మాట ఎన్నిసార్లు దయతో పలికిన అసత్యమో తెలుస్తుంది.

1917లో ఏర్పడిన ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఈ భేదాన్ని కొంతవరకు చెరిపివేసింది. హోదా ఏదైనా సమాధి రాయి ఒకే పరిమాణంలో ఉండాలని, ధనికులు తమవారి దేహాలను స్వదేశానికి తరలించుకోరాదని నిర్ణయమైంది. దేహం దొరకనివారి పేర్లు స్మారకాలపై చెక్కారు. సోమ్ రంగంలోని తీప్వాల్ స్మారకంపై 72,000కు పైగా పేర్లున్నాయి. యుద్ధ దినచర్యలో అంకెగా మిగిలిన మనిషి ఇక్కడ తన పేరును తిరిగి పొందాడు. అయితే ఆ పేర్లను రెజిమెంటు వారీగా, ఆపై హోదా వారీగా పేర్చారు. సమానత్వం మరణంలో కూడా పూర్తి కాలేదు.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. ఒకటి: బెటాలియన్ ప్రాణనష్టాన్ని సంగ్రామ దినాలకే పరిమితం చేసి లెక్కించడం అసమగ్రం, దినసరి తరుగును, వ్యాధులను కలుపుకొన్నప్పుడే కందక జీవితపు అసలు మూల్యం తెలుస్తుంది. రెండు: ప్రసిద్ధమైన జ్ఞాపక రచనలు ఒకదానినొకటి ప్రభావితం చేశాయి కనుక వాటిని అధికారిక దినచర్యతోనూ, పరస్పరమూ సరిపోల్చక తప్పదు. అధికారిక దినచర్య తేదీలను భద్రపరచి పేర్లను వదిలింది. జ్ఞాపక రచనలు పేర్లను నిలిపి తేదీలను తారుమారు చేశాయి. ఏ ఒక్కదాని మీదా పూర్తిగా ఆనుకోలేము. మూడు: డన్ సంకలన పద్ధతి ఇందుకు మార్గం చూపుతుంది. తన పేరును దాచుకొని, పలువురి మాటలను కాలక్రమంలో నిలిపి, భేదాలను అలాగే ఉంచిన ఆ గ్రంథం సాహిత్య గౌరవంలో గ్రేవ్స్ రచనకు సాటి రాకపోయినా, చరిత్రకారునికి ఎక్కువ ఆధారపడదగినది.

మన దేశం నుంచి ఇదే యుద్ధానికి వెళ్ళిన సైనికుల విషయంలో ఇటువంటి బహుస్వర సంకలనం చేయడానికి అవకాశం చాలా తక్కువ. 1914–15లో జివాంషీ, నవ్ షాపెల్ ప్రాంతాల్లో భారతీయ దళాలు కూడా ఇదే బురదలో నిలిచాయి. వారి ఉత్తరాలు ఎక్కువగా సెన్సారు అధికారుల ఆంగ్లానువాదాలుగానే మనకు మిగిలాయి. ఒక బ్రిటిష్ బెటాలియన్‌లో సిపాయి కూడా గ్రంథకర్త కాగలిగాడు. ఆ అవకాశం లభించని సిపాయిల చరిత్రను ఏ ఆధారాలతో రాయాలన్నది, ఈ అధ్యయనం తరువాత మిగిలే ప్రశ్న.